కరువు చలికాలంలో సైలేజ్ బస్తాలు: మూడు లోడ్లు మేపినాక చెప్తా ఉండాను

పలమనేరు పక్క ఒక దాణా అంగట్లో మొక్కజొన్న సైలేజ్ (పాతర గడ్డి) బస్తాలు కొని నవంబర్ ఆఖరు నుంచి ఫిబ్రవరి నడిమి దాకా మేపినాము, మొత్తం మూడు లోడ్లు, 80 బస్తాలు. అంగడి పేరు రాయడం లేదు. రెండో లోడులో మాకు నష్టం జరిగింది, అంగడాయన కొంత సరిచేసినాడు, కొంత చేయలేదు, దానికోసం ఆయన పేరు ఊరంతా తిప్పడం నాకు ఇష్టం లేదు. కానీ ఈ సరుకు ఇప్పుడు మన చిత్తూరు జిల్లాలో శానా చోట్ల అమ్ముతా ఉండారు, యాడ కొన్నా చూసుకోవాల్సినవి ఇవే, అందుకని కొంచెం పొడుగైనా అంతా రాస్తా ఉండాను.

మాది గంగవరం మండలం. పాలిచ్చే హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ సీమ జాతి) క్రాస్ ఆవులు 4, చూడితో ఉండి పాలు ఆపిన వట్టి ఆవు 1, పెయ్యలు 2, ఒక చిన్న దూడ. జూన్ వానలకి చెనిక్కాయ (వేరుశనగ) వేస్తాము, అక్టోబర్ నవంబర్ తుపాన్లకి చెరువులోకి నీళ్ళొస్తాయి, ఈ ఏడు రెండూ లేవు. చెనిక్కాయ చెట్టు జానెడు కూడా పెరగలేదు, కాయ సంగతి వదిలేయండి, ప్రతి ఏడూ ఆ కట్టె వామి వేసుకుంటే సంక్రాంతి దాటి నెల దాకా వచ్చేది, ఈసారి దీపావళికే అడుగు కనపడింది. అరెకరా సూపర్ నేపియర్ పచ్చిగడ్డి ఉంది, బోరు గంట ఆడితే గంటన్నర ఆగుతుంది, ఇంగ ఆ గడ్డికి నీళ్ళు యాడనుంచి తెచ్చేది. పైగా మొగిలి ఘాట్ ఎక్కినాక చలి వేరే, డిసెంబర్ లో తెల్లారి కొట్టంలో ఆవుల నోట్లోంచి పొగ వస్తుంది, చలికి గొడ్డుకి ఇంకా మేత కావాలి, మేత లేనప్పుడే చలి. పచ్చిగడ్డి ఉన్నా చలికి ఎదగదు, నీళ్ళు పెట్టినా కోత కోతకి దూరం పెరిగిపోతుంది.

మా ఆయన ముందు చేసింది వరిగడ్డి లారీ మాట్లాడ్డం. శ్రీకాళహస్తి పక్కనుంచి వచ్చింది, మనింటికి దించేసరికి కిలో 10 రూపాయలు. కరువులో అది కూడా దొరికినందుకు సంతోషమే. కానీ ఒట్టి వరిగడ్డిలో మాంసకృత్తులు 100 పాళ్ళకి 3, 4 పాళ్ళే, అది కడుపు నింపుతుంది కానీ పాలు ఇవ్వదు. రెండు వారాల్లో ఆవుకి 10 లీటర్ల నుంచి 8కి పడినాయి, దాణా 6 కిలోలు పెట్టినా అంతే. దాణా పెంచి పీచు తగ్గేకొద్దీ పాల కేంద్రంలో ఫ్యాట్ (వెన్న శాతం) పడిపోతా వచ్చింది, 3.4కి దిగి లీటరు 34 రూపాయలే కట్టినారు. అప్పుడు మా ఆడబిడ్డ చెప్పింది, వదినా మా పక్క అందరూ సైలేజ్ బస్తాలు తెస్తా ఉండారు, ఒకసారి చూడండి అని.

సైలేజ్ అంటే కొత్తదేం కాదు, మా తాతల కాలంలో గుంత తవ్వి పాతరేసిన గడ్డే, పాతర గడ్డి అనేవాళ్ళు. మొక్కజొన్న కంకిలో గింజ పాలు గట్టిపడే టైములో చెట్టుతో సహా కోసి ముక్కలు చేసి, గాలి లేకుండా తొక్కి మూసేస్తే అదే పులిసి ఆ పులుపులోనే చెడకుండా నిలబడుతుంది, మనం మామిడికాయ ఊరేసినట్టు. ఇప్పుడు మిషన్ తో 50 కిలోల బస్తాలుగా ప్లాస్టిక్ లో బిగించి అమ్ముతా ఉండారు. అంగడి దగ్గర కిలో 7 రూపాయల 20 పైసలు, టెంపో బాడుగ, దించే కూలి కలిపి ఇంటికి 8 పడింది.

మొదటి లోడు 20 బస్తాలు. మొదటి బస్తా తెరిచింది నేనే, తాడు కోసి ప్లాస్టిక్ తీస్తానే పులిసిన దోసె పిండి, బెల్లం, కొంచెం పెరుగు కలిపినట్టు వాసన, కొట్టమంతా అదే. రంగు పసుపు కలిసిన పచ్చ. చేత్తో గుప్పెడు తీసి గట్టిగా పిసికి వదిలితే ఉండ మెల్లిగా విచ్చుకుంది, చెయ్యి తడయింది కానీ నీళ్ళు కారలేదు. ముక్క ఒక అంగుళం లోపే, పగిలిన గింజలు బాగానే కనపడినాయి. ఈ గింజ చూసుకోవడం ముఖ్యం, కొన్ని చోట్ల కంకులు ముందే విరిచి అమ్ముకుని మిగిలిన చొప్పని సైలేజ్ అని బస్తాల్లో కూరుతా ఉండారు, బయట్నుంచి చూస్తే ఒకటే మాదిరి ఉంటుంది, తెరిచి చెయ్యి పెడితే తెలిసిపోతుంది. బలమంతా గింజలోనే కదా, అది లేనిదానికి అదే రేటు ఇయ్యకూడదు.

మా ఆవు గౌరి వాసన చూసి మొహం తిప్పేసింది. మా అత్త రాళ్ళుప్పు కొంచెం చల్లి, అలవాటైన వరిగడ్డి కింద దాచి పెట్టింది, మూడో రోజుకి గడ్డి పక్కకి నెట్టేసి దీనికోసం వెతుక్కోవడం మొదలుపెట్టింది. కొత్తగా పెట్టేవాళ్ళు మొదటి రోజే బుట్టెడు పోసేయొద్దు, మేము 3 కిలోలతో మొదలుపెట్టి పది రోజుల్లో 12 కిలోలకి తెచ్చినాము, ఆవు కడుపులో ఉండే క్రిములకి కొత్త మేత అలవాటవ్వాలంటే ఆ మాత్రం టైము పడుతుంది. ఇంకొకటి, పాలు పిండినాకనే పెట్టాలి, ముందు పెడితే పాలకి ఆ వాసన పడుతుంది.

ఇప్పుడు డబ్బు లెక్క చెప్తాను, నా వరకు ఈ రివ్యూలో అసలు సంగతి ఇదే. అందరూ ఏమంటారంటే వరిగడ్డి 10, సైలేజ్ 8, కాబట్టి సైలేజ్ చౌక అని, అంగడాయన కూడా నాకు అదే చెప్పినాడు. అది తప్పు లెక్క. వరిగడ్డి కిలోలో 900 గ్రాములు అసలు మేత, 100 గ్రాములే తేమ, కాబట్టి తేమ తీసేసిన మేత కిలో 11 రూపాయలు పడింది. సైలేజ్ లో మూడింట రెండొంతులు నీళ్ళే, కిలోకి 320 గ్రాములు అటూ ఇటుగా అసలు మేత, దాన్ని బట్టి చూస్తే కిలో 25 రూపాయలు. దాణా కిలో 28, తేమ పోను 31. ఈ మూడూ పక్కన పెట్టుకుని చూడండి, సైలేజ్ వరిగడ్డి పక్కన నిలబడే సరుకు కాదు, దాణా పక్కన నిలబడేది. వరిగడ్డి మానేసి దీంతో కడుపు నింపుదాం అనుకుంటే ఇల్లు గుల్లవుతుంది, పచ్చిగడ్డి బదులు, దాణాలో కొంత బదులు అనుకుంటే కిట్టుతుంది.

మా ఇంట్లో జరిగింది ఇది. సైలేజ్ రాకముందు ఒక ఆవుకి రోజుకి వరిగడ్డి 8 కిలోలు 80 రూపాయలు, దాణా 6 కిలోలు 168, మొత్తం 248. పాలు 8 లీటర్లు 34 లెక్కన 272. చేతికి 24 రూపాయలు, దాంట్లోనే మందులు, కరెంటు, మన కష్టం. సైలేజ్ 12 కిలోలకి వచ్చినాక ఒక ఆవుకి సైలేజ్ 96, వరిగడ్డి 5 కిలోలు 50, దాణా నాలుగున్నర కిలోలు 126, మొత్తం 272. ఖర్చు పెరిగింది చూడండి. కానీ పాలు తొమ్మిదిన్నరకి వచ్చినాయి, ఫ్యాట్ కూడా కొంచెం లేచి లీటరు 35న్నర కట్టినారు, 337 వచ్చింది, చేతికి 65. నాలుగు ఆవులకి కలిపి రోజుకి 96 ఉండేది 260 అయింది. గొప్ప లాభం అని చెప్పను, కానీ కరువులో ఆవుల్ని సంతకి తోలకుండా నిలుపుకోవడానికి ఆ తేడా సరిపోయింది.

ఆశకి పోయి జనవరిలో దాణా ఇంకా తగ్గిద్దామని మూడున్నర కిలోలకి తెచ్చినాము, నాలుగు రోజుల్లో పాలు లీటరు పడిపోయినాయి. మొక్కజొన్న సైలేజ్ లో బలం ఉంటుంది కానీ మాంసకృత్తులు తక్కువ, అసలు మేతలో 8 పాళ్ళు అటూ ఇటూ, ఆ లోటు దాణానో చెనిక్కాయ చెక్కో తీర్చాల్సిందే. మళ్ళీ నాలుగున్నర చేసినాము. చెక్క కొనేటప్పుడు కూడా బూజు వాసన ఉంటే ఎంత చౌకైనా వద్దు, చెనిక్కాయకి పట్టే బూజు విషం ఆవుని పాడు చేసేది చాలక పాలల్లోకి కూడా దిగుతుంది, ఆ పాలు తాగేది మన పిల్లోళ్ళే.

ఇంగ రెండో లోడు. డిసెంబర్ నడిమిలో 30 బస్తాలు చెప్పినాము, రాత్రి 9 గంటలకి దించేసి పోయినారు, చీకట్లో ఏమీ చూడలేదు, అది మా పొరపాటే. తెల్లారి నేను కొట్టంలోకి పోతే ఒక బస్తా మీద మంచు లేదు. మిగతా అన్నిటి మీద తడి ఉంది, దీని పైన మాత్రం ఆరిపోయి ఉంది, చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. తిప్పి చూస్తే అడుగున బొటనవేలు పట్టేంత చిల్లు, దాని మీద ఖాకీ రంగు టేపు వేసి ఉంది, టేపు లేచిపోయింది. తెరిస్తే చిల్లు చుట్టూ మూరెడు మేర తెల్ల బూజు, దాని కింద నీలం కలిసిన పచ్చ బూజు, లోపల నల్లగా మెత్తగా పేడ మాదిరి. ఆ వాసన పులుపు కాదు, చెడిపోయిన నెయ్యి వాసన. అన్నీ తిప్పి చూస్తే 30లో 7 బస్తాలకి చిల్లులు, కొన్నిటికి టేపు, కొన్నిటికి అది కూడా లేదు.

అంతకన్నా బాధ ఏందంటే దానికి ముందు రాత్రే, దించిన కాసేపటికి మావాడు ఒక బస్తా తెరిచి చీకట్లోనే అన్ని తొట్లల్లో పోసేసినాడు. అది కూడా ఆ ఏడింట్లో ఒకటి. మూడు ఆవులు వాసన చూసి వదిలేసినాయి, గౌరి మాత్రం తినేసింది. పొద్దునకి నెమరు లేదు, చెవులు వాలేసింది, పేడ నీళ్ళ మాదిరి. 1962కి ఫోన్ చేసినాము, పశువుల అంబులెన్స్ వేరే ఊర్లో ఉంది మధ్యాహ్నం అవుతుంది అన్నారు, ఆ లోపల మండలం ఆస్పత్రి డాక్టర్ సారే బండి మీద వచ్చి మందు పోసి, రెండు రోజులు వరిగడ్డి, నీళ్ళు తప్ప ఏమీ పెట్టొద్దన్నారు. ఆయన తిరపతి వెటర్నరీ యూనివర్సిటీలో చదివినాయన, ఓపిగ్గా చెప్తారు. ఆయన మాటే ఇక్కడ రాస్తా ఉండాను, బూజు పట్టిన సైలేజ్ లో పెరిగే క్రిముల వల్ల చూడి ఆవులు ఈసుకుపోయే (చూడి జారిపోయే) ప్రమాదం కూడా ఉంటుందంట, పైన బూజు తీసేసి లోపలిది పెడితే సరిపోదంట, చిల్లు పడిన బస్తా అంటే ఆ చుట్టుపక్కల ధారాళంగా తీసి పారేయాలి, అనుమానం ఉంటే బస్తా మొత్తం ఎరువు దిబ్బలోకే. మూడో రోజు గౌరి నెమరేసింది. ఆ రెండు రోజులు మా అత్త కొట్టంలోనే పడుకుంది.

అంగడాయనకి ఫోన్ చేస్తే ముందు ఏమన్నాడంటే, అమ్మా ఎలుకలు కొట్టింటాయి మీ ఇంట్లోనే, పైది తీసేసి పెట్టండి ఏం కాదు. రాత్రి దించిన బస్తాకి తెల్లారేసరికి మూరెడు బూజు పట్టదన్నా అని చెప్పినాను, టేపు వేసింది కూడా ఎలుకేనా అని అడిగినాను. ఫోటోలు పంపినాక రెండు రోజులు మాట లేదు. తర్వాత మా ఆయన నేరుగా పోయి కూర్చుంటే ఒప్పుకుని, మూడో లోడులో 5 బస్తాలు ఊరికే ఇచ్చినాడు. రెండు బస్తాలు, డాక్టర్ ఖర్చు, మూడు రోజుల పాలు మాకే పోయినాయి. ఆయన్ని చెడ్డోడు అనను, ఒప్పుకోవడం కూడా అందరూ చేయరు. కానీ బస్తాకి చిల్లు పడిందని తెలిసే టేపు వేసినారు, అది తెలిసి పంపకూడదు.

తూకం కూడా అట్లనే. మొదటి లోడులో కొన్ని 50, కొన్ని 48, కొన్ని 47 వచ్చినాయి. రెండో లోడు వేలాడే కాటాకి తగిలించి చూస్తే శానా వాటికి 46. అడిగితే తేమ ఆరిపోతుందమ్మా అన్నాడు. గాలి తగలకుండా బిగించిన బస్తాలో తేమ యాడికి పోతుంది, పోయిందంటే గాలి తగిలిందనే అర్థం. బస్తాకి 4 కిలోలు పోతే 30 బస్తాలకి 120 కిలోలు, మా ఆవులకి రెండున్నర రోజుల మేత. మూడో లోడుకి మా కాటా మీదే తూకం వేసి, వచ్చిన కిలోలకే డబ్బు కట్టినాము, ఆయన గొణిగినాడు కానీ ఒప్పుకున్నాడు. ఆ లోడులో ఒక్క చిల్లు లేదు, సరుకు మొదటి లోడు మాదిరే బాగుంది. పగలే దించినారు, ఒక్కో బస్తా తిప్పి చూసి లోపల పేర్చుకున్నాము, కింద చెక్కలు వేసి, గోడకి ఎడంగా, పిల్లిని ఆడనే కట్టేసి.

బస్తా సైజు గురించి ఒక మాట. మాకు నాలుగు ఆవులకి 12 కిలోలంటే రోజుకి ఒక బస్తా సరిగ్గా అయిపోతుంది, తెరిచింది మిగలదు, అందుకని 50 కిలోలది బాగా కుదిరింది. ఒకటి రెండు ఆవులు ఉన్నోళ్ళు తెరిచినాక మిగిలినదాన్ని గాలి పోయేట్టు అదిమి గట్టిగా మూతి కట్టి మూడు రోజుల్లో అవగొట్టేయాలి. పెద్ద ఉండలు, 400 కిలోలవి కూడా ఉండాయి, కిలోకి కొంచెం తక్కువే, కానీ అవి 30 ఆవుల డైరీ వాళ్ళకి, మనకి తెరిస్తే సగం వేడెక్కి పోతుంది.

ఇది పాలిచ్చేవాటికే. వట్టి ఆవుకి, పెయ్యలకి మేము ఒక్క గుప్పెడు సైలేజ్ పెట్టలేదు, వాటికి 25 రూపాయల మేత అవసరం లేదు. వాటిని యూరియా గడ్డితో లాగేసినాము, ఈ చలికాలంలో పెట్టిన రూపాయికి ఎక్కువ కిట్టింది నిజంగా అదే. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్ళు. యూరియా నీళ్ళల్లో పూర్తిగా కరగాలి, గడ్డి ఒక పొర పరిచి పూలకుండలో నీళ్ళు చల్లినట్టు సమానంగా చల్లి, తొక్కి, మళ్ళీ పొర, మళ్ళీ నీళ్ళు, చివరికి పట్ట కప్పి చుట్టూ మట్టి వేసి గాలి పోకుండా 21 రోజులు వదిలేయాలి. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల చిల్లర, 4 కిలోలంటే 25 కూడా కాదు, ఆ డబ్బుతో 3, 4 పాళ్ళు ఉండే మాంసకృత్తులు 7, 8కి పోతాయి, గడ్డి మెత్తబడి గొడ్డు ఇంకా ఎక్కువ తింటుంది. 22వ రోజు పట్ట లేపినప్పుడు నాకు కళ్ళల్లో నీళ్ళు కారినాయి, ఆ ఘాటు అట్లుంటుంది, గడ్డి బంగారం రంగుకి తిరిగింది. పెట్టే ముందు గంటసేపు ఆరబెడితే ఘాటు పోతుంది.

జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తాను. 4 కిలోలు అంటే 4 కిలోలే, ఎక్కువేస్తే ఎక్కువ బలం అనుకోకూడదు. యూరియా నీళ్ళ బకెట్ కొట్టంలో పెట్టి పోకూడదు, గొడ్డు తాగిందంటే కడుపుబ్బి గంటల్లో చచ్చిపోతుంది. 6 నెలల లోపు దూడలకి ఈ గడ్డి పెట్టకూడదు. మాగకుండా చల్లి అప్పుడే పెట్టేది ఇంకో పద్ధతి ఉందంటారు, దాని జోలికి మేము పోలేదు.

వరిగడ్డి ఎంత పెట్టినా, మాగేసినా, ఖనిజ లవణాల పొడి రోజుకి 50 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు మానొద్దు. వరిగడ్డిలో ఉండే ఆక్సలేట్లు సున్నాన్ని పట్టేసుకుంటాయి, నెలల తరబడి అదే తింటే ఆవు ఎదకి రాదు, ఈనినాక పడిపోతుంది. మా అత్త కనుమ నాడు గొడ్లకి ఉప్పుచెక్క నూరి నోట్లో పెడుతుంది, ఈ ఏడు కూడా పెట్టింది, కొమ్ములకి రంగులేసి, చిట్లాకుప్ప కాల్చి దాటించినాము. పండగ ఆపుకోలేదు. ఆ రోజు ఆవులన్నీ నిలబడి ఉండాయి కదా అని మా అత్త కళ్ళు తుడుచుకుంది, 2018లో ఈశాన్య వానలు మొహం చాటేసిన ఏడు మూడు ఆవుల్ని సంతలో ఎంతకంటే అంతకి ఇచ్చేసి వచ్చినాము, ఆ కనుమకి కొట్టంలో రెండే ఉండినాయి.

ఊర్లో ఈ చలికాలం జరిగిన ఇంకో నష్టం రాయకుండా ఉండలేను. మా వీధిలోనే ఒకాయన జొన్న వేసినాడు, వాన లేక మోకాలెత్తులో వాడిపోయింది, ఎట్లాగూ ఎండిపోతుంది కదా అని రెండు ఆవుల్ని తోలేసినాడు. నాము పట్టింది, లేత జొన్న విషాన్ని అట్ల అంటారు. అరగంటలో ఒకటి నురగ కక్కి పడిపోయింది, రెండోది డాక్టర్ వచ్చి నరానికి మందెక్కించే దాకా ఆగింది కాబట్టి బతికింది. పూత రాని లేత జొన్న, అందులోనూ నీళ్ళు లేక బెట్టకొచ్చిన జొన్న, కోసినాక మళ్ళీ లేసిన పిలక, వీటిల్లో సైనైడ్ విషం ఉంటుంది. కరువులో పచ్చగా ఏది కనపడినా గొడ్డుకి వేద్దామనిపిస్తుంది, జొన్న దగ్గర మాత్రం చెయ్యి ఆపుకోండి.

చెరుకు కోతలు ఎక్కడ జరుగుతా ఉంటే ఆడ సోగ (చెరుకు కొన ఆకు) అడిగి తెచ్చుకోండి, మాకు పక్కూర్లో బెల్లం గానుగ దగ్గర నాలుగు రోజులు మోపులు దొరికినాయి, కోసుకునే కష్టం తప్ప ఖర్చు లేదు. నీళ్ళ మీద తేలి పెరిగే చిన్న మొక్క అజొల్లా గురించి ఒకరు ఇద్దరు అడిగినారు. తొట్టి వేసినాము, ఆవులు ఇష్టంగా తింటాయి, కానీ రెండు కిలోలు పెడితే దాంట్లో అసలు మేత నూరు నూటిరవై గ్రాములే, మిగతాది నీళ్ళు. దాణాలో చిటికెడు తోడుగా బాగుంటుంది, అదే కరువుని దాటిస్తుంది అనుకోవద్దు.

గడ్డి కోసే మిషన్ లేనోళ్ళు అదైనా అద్దెకి తెచ్చుకోండి, పొడుగు గడ్డి వేస్తే కాళ్ళ కింద తొక్కి పారేసేది కళ్ళారా చూస్తాము, ముక్కలు చేసి తొట్లో వేస్తే అది దాదాపు ఆగిపోయింది. కిలో 10 పెట్టి కొన్న గడ్డి పేడలో కలిస్తే ఏం లాభం. నీళ్ళు కూడా, తెల్లారి చల్లటి నీళ్ళు ముట్టదు, తక్కువ తాగితే తక్కువ తింటుంది, పాలూ తగ్గుతాయి. మేము మధ్యాహ్నం ఎండకి సిమెంటు తొట్టి నింపి పెట్టి సాయంత్రం పాలు పిండినాక తాపుతా ఉండాము, కుడితి గోరువెచ్చగా. ఒక్క ఈ పనికి రూపాయి ఖర్చు లేదు.

సరుకుకి నేను 5కి 4 ఇస్తాను, అంగడికి 3. సరుకు బాగున్నప్పుడు నిజంగా బాగుంది, మొదటి, మూడో లోడు బస్తాల్లో ఒక్కటి కూడా పారేయలేదు. అంగడికి మార్కు తగ్గించింది టేపు వేసిన బస్తాలకి, తక్కువ తూకానికి, వరిగడ్డి కన్నా చౌక అని చెప్పిన మాటకి. మంచి మాట కూడా ఉంది, డబ్బు మొత్తం ముందే అడగలేదు, పాల బిల్లు 15 రోజులకి ఒకసారి వస్తుందని చెప్తే సగం అప్పుడే ఇయ్యండమ్మా అన్నాడు, కరువులో ఆ వాయిదా ఎంత పెద్ద సాయమో పాలు పోసే వాళ్ళందరికీ తెలుసు. కొనేవాళ్ళు పగలే దించమనండి, మీ కాటా మీద తూయండి, ఒక్కో బస్తా తిప్పి చూడండి, టేపు కనపడితే టెంపో ఎక్కించి వెనక్కి పంపండి, ఒక బస్తా అక్కడే తెరిపించి గింజ చూసుకుని, వాసన చూసుకుని తీసుకోండి.

మూడో లోడు మొన్న అయిపోయింది. పొద్దున ఫోన్ చేసి ఇంకో 20 బస్తాలు చెప్పినాను, ఆదివారం పొద్దున 10 లోపల రావాలి, కాటా మాదే అని. సరేనమ్మా, ఈసారి నేనే బండెమ్మట వస్తా అన్నాడు. వట్టి ఆవు మార్చి మొదట్లో ఈనుతుంది, ఈ బస్తాల్లో ఆరు దానికని విడిగా పెట్టాలని మా అత్త అప్పుడే గోడ పక్క జాగా ఊడ్చి, చెక్కలు పరిచి పెట్టింది.